ముప్పై ఏడో బొమ్మ

ఫిల్ము డబ్బా మీద 36 అని అచ్చేసి ఉండేది. కెమెరాలోకి ఎక్కించేటప్పుడు కొసను పొదుపుగా చిక్కిస్తే 37 వచ్చేవి. చెయ్యి తిరిగినవాడికి ఒక్కోసారి 38. స్టూడియో సేటు లెక్క 36 దాకానే. పెండ్లివారికిచ్చే ఆల్బం లెక్కా అంతే. మిగిలిన ఆ ఒకటో రెండో ఎవరి లెక్కలోకీ రావు. నా దగ్గరున్న డప్పుల ఫొటోలు, బ్యాండుమేళాల ఫొటోలు, పాటగాళ్ళ వెనక నిలబడి వాయించినవాళ్ళ ఫొటోలు సగానికి సగం ఆ లెక్కలో లేని బొమ్మలే.

మాది సికింద్రాబాద్ స్టేషనుకు అవతల, పట్టాలకు ఆనుకొని ఉన్న మాదిగ బస్తీ. 1806లో సికిందర్ జా పేరు పెట్టినా మా ముసలోళ్ళకు ఇది లష్కరే. పటాలాల ఊరు. పటాలానికి బూట్లు కావాలి, గుర్రాలకు జీన్లు కావాలి. తోలుపని తెలిసినోళ్ళు చుట్టుపక్కల జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ నిలబడ్డారు. మా తాత అట్లనే మెదక్ జిల్లా నుంచి వచ్చాడు. మా నాయిన పగలు రాణీగంజ్‌లో హమాలీ. లగ్గాలొస్తే బ్యాండులో డప్పు.

1986లో పదో తరగతి అయిపోయినంక నాయిన నన్ను ఒక స్టూడియోలో పెట్టాడు. రెండేళ్ళు హైపో నీళ్ళల్లో వేళ్ళు నానబెట్టినంక కెమెరా చేతికొచ్చింది. పెంటాక్స్ కె-1000. సేటు చెడ్డవాడు కాదు, జీతం నెల తప్పకుండా ఇచ్చేవాడు. ఫిల్ము దగ్గర మాత్రం పిసినారి. మొదటి బరాత్‌కు పంపేటప్పుడు చెప్పిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

"పెండ్లికొడుకును తియ్, గుర్రాన్ని తియ్, ముందర ఎగిరే చుట్టాలను తియ్. బ్యాండోళ్ళ మీద రీలు ఖరాబు చెయ్యకు. చప్పుడు ఫొటోల వస్తదారా?"

రాదు, నిజమే. గుర్రం సకిలింపు కూడా రాదు గదా. గుర్రానికి మాత్రం మూడు బొమ్మలు.

1989లో మారేడ్‌పల్లిలో ఒక పెద్దింటి లగ్గం. గ్యాసు బత్తీలు నెత్తిన పెట్టుకొని ఆడవాళ్ళు రెండు వరసల్లో నడుస్తున్నారు. వాళ్ళ నడుమ బ్యాండు. ఆ రాత్రి ఆ మేళంలో మా నాయిన ఉన్నాడని నాకు ముందు తెలియదు. చూశాను. ఆయనా చూశాడు. చూసి మొఖం అటు తిప్పుకున్నాడు. ఎందుకో అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. పెండ్లివారు నన్ను 'ఫొటోగ్రాఫర్‌గారూ' అంటున్నారు. మెడలో కెమెరా ఉంటే కులం అడగరని అప్పుడే తెలిసింది. మెడలో డప్పు ఉంటే అడగనవసరమే లేదు. నాయిన నన్ను 'బిడ్డా' అని పిలిస్తే ఆ 'గారూ' అక్కడే రాలిపోతుంది. అందుకని ఆయన నన్ను ఎరగనట్టే డప్పు కొట్టుకుంటూ నా పక్కనుంచి నడిచిపోయాడు.

భోజనాలప్పుడు నాకు పంక్తిలో విస్తరేశారు. బ్యాండోళ్ళకు అందరూ తిన్నంక, షామియానా వెనక, నేల మీద. నా విస్తరిలో ఏమేం వడ్డించారో యాదిలేదు. తెల్లవారుజామున చలికి డప్పులు దిగిపోయాయి. తోలు సల్లబడితే చప్పుడు మెత్తబడుతుంది. పాత పేపర్లు, గడ్డి పోగేసి మంటేసి కాపుతున్నారు. నాయిన ఒంగి, డప్పును మంట మీద తిప్పుతూ, మధ్యమధ్య వేలితో మీటి వింటున్నాడు. రీలులో ముప్పై ఏడోది మిగిలి ఉంది. ఫ్లాష్ తీసేసి, షట్టర్ పదిహేను మీద పెట్టి, ఊపిరి బిగబట్టి నొక్కాను.

ఇంటికొచ్చినంక అడిగాడు. "నన్నెందుకు తీసినవ్ బిడ్డా? సేటుకు తెలిస్తే?"

"అది సేటు బొమ్మ కాదు నాయినా."

ఆయనకు ఆ ఫొటో నచ్చింది. నచ్చిందని చెప్పలేదు. రెండు రోజులు జేబులో పెట్టుకొని తిరిగాడు. ఆ తర్వాత ఇంకో బరాత్‌లో, వాయిస్తుండగా ఫ్లాష్ కొట్టి తీసింది చూపిస్తే మాత్రం పెదవి విరిచాడు.

"చేతులు కట్టేసినట్టున్నయ్. ఇండ్ల నేను కొడుతున్ననా, నిలబడ్డనా?"

నాకు ఫొటోగ్రఫీ చెప్పినవాళ్ళలో ఆయనే పెద్ద గురువు అని ఇప్పుడనుకుంటాను. ఆయన కెమెరా ముట్టలేదు. కానీ దెబ్బ ఎక్కడ పుట్టి ఎక్కడ పడుతుందో తెలుసు. కుడిచేతిలో సిర్ర, పొట్టిగా లావుగా ఉంటుంది. అది తోలు నడుమ పడుతుంది. ఎడమచేతిలో చిటికెన పుల్ల, సన్నగా పొడుగ్గా, డప్పు అంచు మీదుగా వచ్చి పలుకుతుంది. సిర్ర మాట్లాడితే పుల్ల జవాబిస్తుంది అనేవాడు. మామూలు ఫ్లాష్ ఆ రెంటినీ గాలిలో బిగించేస్తుంది. మనిషి బొమ్మలా అయిపోతాడు. చాలా రీళ్ళ చివరి బొమ్మలు ఖర్చయినంక ఒక దారి దొరికింది. షట్టర్‌ను నిదానంగా, పదిహేను మీద పెట్టి ఫ్లాష్ కొట్టాలి. ఫ్లాష్ వెలుగు మొఖాన్ని నిలబెడుతుంది. షట్టర్ ఇంకా తెరిచే ఉంటుంది కాబట్టి గ్యాసు బత్తీల వెలుగులో పుల్ల తోకలాగా సాగుతుంది. అట్లా తీసింది చూపిస్తే నాయిన నవ్వాడు. "గిప్పుడు ఇనబడుతున్నది" అన్నాడు.

ఇంకో చిక్కు రంగుది. కెమెరాలో మీటరు ఉంటుంది చూశారూ, అది ఎదుటనున్నది ఏదైనా నడిమిరకం బూడిదరంగే అనుకుంటుంది. నూటికి పద్దెనిమిది పాళ్ళ వెలుగును తిప్పికొట్టే రంగన్న మాట. బరాత్‌లో ముందర ఎగిరేవాళ్ళవి తెల్ల చొక్కాలు, పట్టుబట్టలు, పైన బత్తీలు. మీటరు వాటినే నమ్ముతుంది. వాటికి సరిపోయేటట్టు తీస్తే వెనకున్న మా నల్ల మొఖాలు చీకట్లో కలిసిపోతాయి. టోపీలూ గుండీలూ తేలుతాయి, మనుషులుండరు. ప్రింట్లు చూసి పెండ్లివారికి ఏ లోటూ కనిపించదు. కోడాక్ కంపెనీ ల్యాబులకు పంపిన రంగుల కొలత కార్డు మీద ఒక తెల్లామె బొమ్మ ఉండేదనీ, దాన్ని షర్లీ కార్డు అనేవారనీ చాలా ఏళ్ళకు చదివాను. చదివినప్పుడు ఆశ్చర్యం కలగలేదు. అప్పటికే నేను మీటరు మాట వినడం మానేసి, మావాళ్ళకు ఒక స్టాపు ఎక్కువ వెలుగిచ్చి తీస్తున్నాను. అవతలి తెల్లచొక్కా కాలిపోతే కాలిపోనీ.

ఫొటో అన్నది మా ఊరికి కొత్తదేం కాదు. రాజా దీన్‌దయాళ్ 1880లలోనే సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ ఆయన. దర్బార్లు, వేటలు, కవాతులు తీశాడు. ఆయన బొమ్మలు అచ్చేసిన పుస్తకాలు దొరికినప్పుడల్లా తిరగేశాను. పనితనానికి దండం పెట్టాల్సిందే. నేను చూసిన పేజీల్లో దొరల పేర్లున్నాయి. కళ్ళెం పట్టుకున్నవాడి పేరు లేదు.

లష్కర్ బోనాల దగ్గర తీయడం వేరే రకం కష్టం. ఆషాఢం, వాన. లెన్సు మీద ఆవిరి, తోలు మీద తేమ. ఉజ్జయిని మహంకాళి గుడి ముందు పోతరాజు కొరడా తిప్పుకుంటూ వస్తే జనం వెనక్కి జరుగుతారు, కెమెరాలు ముందుకు జరుగుతాయి. పోతరాజును కదిలించేది తీన్‌మార్ దెబ్బ. దెబ్బ ఆగితే ఆయన కూడా ఆగుతాడు. ఆ గుడి కట్టించిన సురిటి అప్పయ్య పటాలంలో డోలీ మోసినవాడని చెప్తారు. మోసేవాడి మొక్కుతో మొదలైన జాతరలో కూడా వాయించేవాడు అంచునే ఉంటాడు. నేను ఎక్కువగా పోతరాజుకు వీపు పెట్టి నిలబడి తీసేవాణ్ణి. పక్కనున్న పత్రికల ఫొటోగ్రాఫర్లు పిచ్చోణ్ణి చూసినట్టు చూసేవారు.

1990 ఫిబ్రవరి 20. నిజాం కాలేజీ గ్రౌండులో గద్దర్ పాట. అయిదేళ్ళ అజ్ఞాతం తర్వాత జనం ముందుకొచ్చాడు. స్టూడియోకు సెలవు పెట్టి, సొంత పైసలతో ఒక నలుపు తెలుపు రీలు కొనుక్కొని పోయాను. ఇసుకేస్తే రాలని జనం. చెట్లమీద, గోడల మీద మనుషులు. గోచీ, భుజాన గొంగడి, కాళ్ళకు గజ్జెలు, చేతిలో కర్ర. ఆయన నిలబడి పాడే మనిషి కాదు. ఒక మాట దగ్గర కుప్పలా కూలబడతాడు, ఇంకో మాట దగ్గర గాల్లోకి లేస్తాడు. నడుమ జనంతో ముచ్చట పెడతాడు, వాళ్ళ జవాబు కోసం చెయ్యి చెవి దగ్గర పెట్టుకుంటాడు. ఫోకస్ చేసుకునేలోపు అక్కడ ఉండడు. పాట వింటే చెయ్యి ఆగుతుంది, చెయ్యి ఆడితే పాట వినబడదు. రెండూ ఒకేసారి ఎట్లా కుదురుతాయో నాకిప్పటికీ తెలియదు.

ఇరవై దాకా ఆయన్నే తీసి ఉంటాను. తూప్రాన్‌లో పుట్టిన మా మెదక్ మనిషి, తీయకుండా ఎట్లుంటాం? కాసేపటికి కన్ను పక్కకు పోయింది. ఆయన ఎగిరిన ప్రతిసారీ ఆ ఎగురుడు కింద ఒక దెబ్బ ఉంది. డప్పు మనిషి ఆయన కాళ్ళ వైపే చూస్తున్నాడు. గజ్జె ఎప్పుడు నేలను తాకుతుందో ముందే తెలిసినట్టు సరిగ్గా అక్కడ దెబ్బ వేస్తున్నాడు. మిగిలిన రీలంతా ఆ చూపు కోసమే ఖర్చు పెట్టాను. ఆ ఒక్కరోజు ముప్పై ఏడోదాని కోసం ఆగాల్సిన పని పడలేదు.

ఆ నెగెటివులు ఇంట్లో పెట్టుకోవడం తర్వాత కష్టమైంది. 1992లో పీపుల్స్‌వార్ మీద నిషేధం వచ్చింది. ఒకనాడు మఫ్టీలో ఒక మనిషి స్టూడియోకొచ్చి, సభల ఫొటోలుంటే చూపించమన్నాడు. స్టేజీ మీదివి కాదు, జనంవి. పోగొట్టుకున్న మొఖాలను నిలబెడుతున్నానని నేననుకుంటుంటే, ఆ మొఖాల కోసమే ఇంకొకరు వెతుకుతున్నారు. లేవన్నాను. ఆ రాత్రే నెగెటివులు మా అక్క ఇంట్లో బియ్యం డబ్బాలోకి పోయాయి. మూడేళ్ళు అక్కడే ఉన్నాయి. 1997 ఏప్రిల్ 6న వెంకటాపురంలో గద్దర్ ఇంటికే వచ్చి ఆయన మీద కాల్పులు జరిపారు. మా బస్తీకి ఎంత దూరమని! ఆ వారమంతా అక్క నన్ను కెమెరాతో బయట అడుగు పెట్టనియ్యలేదు.

మొఖం కనిపించడం అందరికీ సంబరం కాదు. మా బస్తీ పిల్లగాడొకడు, మంచి వాయిద్యగాడు. రైల్వేలో ఉద్యోగమొచ్చింది. అంతకు ముందు నేను తీసిన ఫొటో ఒక చిన్న పత్రికలో పడింది. అది పట్టుకొని వచ్చాడు.

"అన్నా, నీకు దండం పెడ్త. ఇంకెక్కడ అచ్చెయ్యకు. కిరాయిల్లు ఇచ్చిన అమ్మ సూసింది. మాటనే మారిపోయింది."

వాదించలేదు. అక్కడికక్కడే నెగెటివ్ కత్తిరించి చేతిలో పెట్టాను. ఊర్లలో చావుకూ జాతరకూ పైస లేకుండా డప్పు కొట్టించుకున్న చరిత్ర ఎవరిది? అది దింపుకొని నడవాలనుకున్న మనిషిని నేను ఫ్రేములో కట్టేయడమేంది? 1994 జూలై 7న ఈదుమూడిలో దండోరా మొదలైంది. పేరు చివర మాదిగ అని పెట్టుకున్నవాళ్ళు డప్పును ఊరేగింపు ముందుకు తెచ్చారు. వెనక నిలబడే డప్పును ముందు వరసలో తీయడం నాకదే మొదలు. ఎండలో, ఫ్లాష్ లేకుండా, నవ్వుతున్న మొఖాలు. ఆ రైల్వే పిల్లగాడు వాటిలో నాకెప్పుడూ కనిపించలేదు. కనిపించాలని రూలేం లేదు.

ఇంతకంటే వేరే పని ఒకటి ఈ బొమ్మలకు ఉందని నాకు చావులప్పుడు తెలిసింది. బస్తీలో వాయించేవాళ్ళెవరైనా పోతే ఇంటివాళ్ళు నా దగ్గరికి వచ్చేవారు. "ఆయన మొఖం నీ తాన ఉన్నదా?" స్టూడియో మెట్టెక్కని మనుషులు. నిలబడి ఫొటో దిగింది లేదు. గుంపులో వేలిగోరంత ఉన్న మొఖాన్ని పెద్దది చేసేవాణ్ణి. ఇసక చల్లినట్టు గింజ తేలేది. ఒకాయనకు గడ్డం కింద సగం చంద్రుడిలాగా డప్పు అంచు వచ్చింది. కొడుకు తీసెయ్యమన్నాడు, తల్లి ఉండనియ్యమంది. తల్లి మాటే చేశాను. ఆ ఫొటోకే దండేసి పెద్దకర్మ చేశారు. 2004లో మా నాయిన పోయినప్పుడు మాకు వెతుక్కోవాల్సిన పని రాలేదు. మంట వెలుగుది ఉంది.

ఇప్పుడు తోలు పోయి ప్లాస్టిక్ వచ్చింది, కాపాల్సిన పని లేదు. చాలా బరాత్‌లకు డీజే బండే. రీలూ లేదు, లెక్కా లేదు. 2023 ఆగస్టు 6న గద్దర్ పోయాడు. మర్నాడు ఎల్బీ స్టేడియం నుంచి ఆల్వాల్ దాకా, ఆయన పెట్టిన మహాబోధి విద్యాలయం దాకా ఆయన వెంట జనం. ఎటు చూసినా పైకెత్తిన ఫోన్లే. డప్పుల వాళ్ళను కూడా తీస్తున్నారు. వాళ్ళు కూడా ఒకరినొకరు తీసుకుంటున్నారు. నేను ఒక్కటి కూడా తీయలేదు. నడుస్తూ విన్నాను.

ఆ తర్వాత నుంచి రోజూ సాయంత్రం పాత ప్రింట్లు ముందరేసుకొని కూర్చుంటున్నాను. వెనక పేర్లు రాయాలి. తీసినప్పుడు అందరూ తెలిసినోళ్ళే, రాసుకోవాలని తోచలేదు. ఇప్పుడు అడుగుదామంటే సగం మంది లేరు. బస్తీలో ముసలమ్మలను ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి చూపిస్తున్నాను. మొన్న ఒకామెకు, ఎవరూ పోల్చని ఫొటో ఒకటి ఇచ్చాను. మొఖం కదిలి మసకైపోయింది, చేతులు మాత్రమే ఉన్నాయి. చత్వారపు కళ్ళద్దాలు పైకి నెట్టి, ఫొటోను ముక్కు దాకా తెచ్చుకొని చూసింది.

"ఎడమచేత సిర్ర పట్టిండు సూడు. మా లష్కర్ల ఎడమచేత కొట్టేటోడు ఒక్కడే ఉండె. మా మరిదే" అంది. పేరు చెప్పింది. రాసుకున్నాను.