రెండు చీరలు, ఆరు వేల కుట్లు

డిసెంబరు రెండో వారానికల్లా ఆబిడ్స్ రంగు మారిపోతుంది. చాపెల్ రోడ్డు చుట్టుపక్కల కాగితపు నక్షత్రాలు వేలాడతాయి. బేకరీల అద్దాల వెనక ప్లమ్ కేకులు చేరతాయి, ఇళ్లలో గులాబీ పువ్వులకు పిండి కలుపుతారు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఉన్న ఆల్బర్ట్ ఆబిడ్ అనే ఆర్మీనియన్ ఇక్కడ దుకాణం పెట్టాడు. ఆయన పేరే పేటకు నిలిచింది, కొనుగోళ్ల సందడీ అప్పటినుంచీ తగ్గలేదు. పండగలకు చేత్తో చేసి ఇచ్చుకునే కానుకల మీద రాయమని సంపాదకులు పంపింది ఇక్కడికే. కేకుల గురించి, కొవ్వొత్తుల గురించి రాయడానికి కావలసినంత ఉంది. కానీ నాంపల్లి స్టేషన్ దాటి బజార్‌ఘాట్ వైపు పోయే ఒక సందులో, పరుపుల దుకాణం అరుగు మీద బొంత కుడుతున్న పెద్దావిడ పక్కన కూర్చున్నాక ఇంకెక్కడికీ వెళ్లబుద్ధి కాలేదు.

ఆమెకు అరవై దాటి ఉంటాయి. ఎడమ చెయ్యి గుడ్డల కింద, కుడి చెయ్యి పైన. సూది మొన ఎక్కడ తేలబోతోందో కింది చూపుడువేలికి ముందే తెలుస్తుంది. తేలిన మొనను ఆ వేలే పైకి ఎగదోస్తుంది. సూది మీద నాలుగు కుట్లు పోగయ్యాక ఒక్క లాగు లాగుతుంది. మళ్లీ నాలుగు, మళ్లీ లాగు. కుడిచేతి నడిమి వేలికి పాత చీరపేలిక చుట్టుకుంది. ఎడమచేతి చూపుడువేలి కొస కాయగట్టి గోరంత గట్టిగా ఉంది. ఆమె చూపు గుడ్డ మీద ఉండనే ఉండదు. వీధిలో పోయేవాళ్లను పలకరిస్తూ, ఆటోవాణ్ణి అరుగుకు అడ్డం తియ్యమని కసురుకుంటూ కుడుతూనే ఉంది. అయినా ఏ వరసా వంకర పోలేదు.

ఆరడుగుల బొంతకు రెండు నూలు చీరలు చాలు. ఐదున్నర మీటర్ల చీరను మూడు మడతలు వేస్తే మనిషి పడుకునేంత పొడవు వస్తుంది, చీర పన్నా ఎలాగూ నాలుగడుగులకు కాస్త తక్కువ. రెండు చీరలకు ఆరు పొరలు. జరీ అంచు ఉంటే కత్తిరించి పక్కన పెడుతుంది, ఒంటికి గీసుకుంటుందని. పాలిస్టర్ చీర తెస్తే తిప్పి పంపేస్తుంది. కుడుతుంటే పొర మీద పొర జారిపోతుంది, కప్పుకుంటే చెమట పీల్చదు. బాగా నలిగిన గుడ్డ నడుమకు, గట్టిగా ఉన్నది కిందికి, కంటికి ఇంపైనది పైకి. ఇద్దరు నాలుగు మూలలూ పట్టి ముడత లేకుండా సాగదీస్తారు. జానెడేసి టాకాలు వేసి పొరలను కదలకుండా చేస్తారు. అప్పుడు అసలు కుట్టు. అంచు చుట్టూ ఒక వరస, దాని వెంట అంగుళం లోపలికి ఇంకో వరస, అలా నడిమికి వచ్చేదాకా.

ఆ పని ఎంతో అంకెల్లో చూస్తే తెలుస్తుంది. పొడవు 72 అంగుళాలు, వెడల్పు 45. అంగుళానికో వరస, అంగుళానికి రెండు కుట్లు అనుకున్నా 6,480 కుట్లు. ప్రతి కుట్టుకూ సూది ఆరు పొరల్లోంచి దిగి మళ్లీ ఆరు పొరల్లోంచి పైకి రావాలి.

"కొందరు ఉతక్కుండ కుట్టమంటరు బిడ్డా. అమ్మ వాసన పోతదని," అంది ఆమె. "నేనైతే వద్దంట. గంజి ఉంటె సూది దిగది, పురుగు పడతది. కొంగు మాత్రం పైన పడేటట్టు కుడుత. ఎవరి చీరనో చూస్తేనే తెల్వాలె గద."

ఈ కాలంలో ఆమె దగ్గరికి వచ్చేవి ఎక్కువగా అలాంటి బొంతలే. పోయిన అమ్మ చీరలు, అమ్మమ్మ చీరలు తెచ్చి అక్కచెల్లెళ్లకు తలా ఒకటి కుట్టించి క్రిస్మస్‌కో సంక్రాంతికో ఇస్తున్నారు. అలమరలో పెట్టి ముట్టుకోకుండా దాచిన చీరకంటే, రాత్రిపూట కప్పుకునే బొంత మనిషికి దగ్గరగా ఉంటుంది. డబ్బు పెట్టి ఎక్కడా కొనలేని కానుక ఇది. నేనక్కడ ఉండగానే ఆబిడ్స్‌లో ఏదో ఆఫీసులో పనిచేసే ఒకావిడ సంచిలో నాలుగు చీరలు పెట్టుకుని వచ్చింది. వాళ్లమ్మవి. రెండు బొంతలు కావాలి, ఒకటి తమ్ముడికి, ఒకటి చెల్లెలికి. చీరలు ఒక్కొక్కటే తీసి ఇస్తూ, ఇది ఏ పండక్కి కొన్నదో, అది ఎవరి పెళ్లికి పెట్టిందో చెప్పుకుంటూ కళ్లు తుడుచుకుంది. తర్వాత ధర అడిగింది.

"ఒక్కోదానికి వెయ్యి."

"వెయ్యా! చీరలు మావే కదమ్మా. ఒట్టి కుట్టుకూలికే వెయ్యా? ఆన్‌లైన్‌లో తొమ్మిది వందలకు కొత్త కంఫర్టరే వస్తోంది."

"గుడ్డ నీదే బిడ్డా. చెయ్యి నాది. నాలుగు దినాలు కూసుంటెగాని ఒకటి ఒడవది."

రెండూ కలిపి 1,600కు తెగింది. ఎనిమిది రోజుల పని, రోజుకు 200. ఊళ్లో ఉపాధి హామీ పనికి పోతే 2025-26లో తెలంగాణలో రోజుకూలి 307 రూపాయలు. నలభై ఏళ్లు చెయ్యి తిరిగిన పనిమంతురాలికి మట్టి తవ్వే కూలి కూడా గిట్టలేదు. ఆ బేరం వింటుంటే ఒళ్లు మండింది. వచ్చినావిడ చెడ్డ మనిషి అనడానికి లేదు. తల్లి మీద ప్రేమతోనే అక్కడిదాకా వచ్చింది. కానీ ఆ ప్రేమను పొరలుగా పేర్చి కుట్టే చేతికి ఒక వెల ఉంటుందని ఆమెకు తట్టనే లేదు. గుడ్డ పాతది కాబట్టి పనీ చవకే అనుకుంది. మనలో చాలామందిమి అలాగే అనుకుంటున్నాం, ఇళ్లలో ఆడవాళ్లు ఊరికే కుట్టిపెట్టిన పని కాబట్టి దానికి డబ్బేమిటని. బుడగ జంగాలు, గంగిరెద్దులవాళ్ల వంటి సంచార కుటుంబాల ఆడవాళ్లు ఊరూరా తిరిగి బొంతలు కుట్టినప్పుడూ ఇంత గింజలు కొలిచి పంపిందే ఎక్కువ.

దుకాణం లోపల ఆమె భర్త రజాయిల పని చూస్తాడు. దూదేకుల ఆయన. దేవరకొండ దిక్కు నుంచి చిన్నప్పుడే తండ్రి వెంట పట్నం వచ్చాడట. దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాష్ అని తెలంగాణ బీసీ-బి జాబితాలో ఒకే వరసలో ఉండే పేర్లన్నీ దూది ఏకి బతికిన కులానివే. నమాజు చేస్తారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. గోడకు ఆయన తండ్రి వాడిన విల్లు వేలాడుతోంది, మనిషికంటే పొడుగు. నరంతో చేసిన తాడు బిగించి, దాన్ని దూదిలో ముంచి, కొయ్య గుండుతో కొడితే ఆ అదురుకు ఉండకట్టిన దూది విడిపోయి, గింజా దుమ్మూ రాలిపోతాయి. చలికాలం ముందు వీధుల్లో ఆ తాడు మీటుకుంటూ తిరిగేవాళ్లు. మోత వినగానే ఇళ్లలోంచి పాత రజాయిలు బయటికి వచ్చేవి. గలీబు విప్పి ఉతుక్కునేవాళ్లు, దూది మళ్లీ ఏకి నింపేవాళ్లు. ఒక్కసారి కొన్న దూది ఇరవై ఏళ్లు మన్నేది. ఏటా పని దొరికేది.

ఇప్పుడు ఏకడానికి మిషను ఉంది. అది మంచిదే, ఆ దుమ్ము పీల్చి దగ్గుతో పోయినవాళ్లను ఆయన ఎరుగును. ఆయన బాధల్లా దూదే పోయిందని. గిరాకీకి వచ్చేవాళ్లు "ఫైబర్ పెట్టు" అంటున్నారు. దేశంలో పత్తి ఎక్కువగా పండే మొదటి మూడు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. వరంగల్, ఆదిలాబాద్ మార్కెట్లలో బండ్లు బారులు తీరుతాయి. ఆ పత్తి ఉండగా చలికి మనం కప్పుకుంటున్నవి పానిపట్ నుంచి వచ్చే పాలిస్టర్ దుప్పట్లు. అవి ముద్దకడితే ఏకేవాళ్లూ ఉండరు, మళ్లీ నింపేవాళ్లూ ఉండరు. చెత్తబండిలోకే.

గుడ్డ మీద గుడ్డ కుట్టి కప్పుకునే పనిలో తెలుగు నేల వాటా ప్రపంచానికి తెలిసిందే. గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం రేవు నుంచి డచ్చివాళ్లు, ఇంగ్లిషువాళ్లు ఓడలకెత్తిన కలంకారీ అద్దకాల్లో మంచాల మీద పరిచేవి చాలా ఉండేవి. కోరమాండల్ తీరపు ఈ గుడ్డల మీద యూరప్‌లో మోజు ఎంత పెరిగిందంటే, తమ నేతగాళ్లు దెబ్బతింటున్నారని 1686లో ఫ్రాన్స్, 1700లోనూ 1721లోనూ ఇంగ్లండ్ వాటిని అడ్డుకుంటూ చట్టాలు చేశాయి. ఇంగ్లండ్‌లో అతుకుల బొంతల్లో బాగా పాతదిగా చెప్పేది లెవెన్స్ హాల్ భవనంలో ఉంది. 1708 ప్రాంతానిది. భారతదేశపు అద్దకం ముక్కలతో కుట్టిందే.

అమెరికాలో అలబామా రాష్ట్రపు గీస్ బెండ్ పల్లెలో బానిసల సంతతి ఆడవాళ్లు పాత పనిబట్టలు చింపి బొంతలు కుట్టుకునేవాళ్లు, చలికి వేరే దారి లేక. 2002లో ఆ బొంతలను హ్యూస్టన్ మ్యూజియంలో, తర్వాత న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో గోడలకు కట్టి చూపించారు. 2006లో అమెరికా తపాలా శాఖ వాటి బొమ్మలతో బిళ్లలు వేసింది. అంతదూరం ఎందుకు, పశ్చిమ బెంగాల్ నక్షీ కాంథాకు భౌగోళిక గుర్తింపు ఉంది. కర్ణాటక సండూరు లంబాడీ కుట్టుపనికీ ఉంది. మన దగ్గర వరంగల్ జంపఖానాలకు 2018లో వచ్చింది, రావలసిందే. బొంతకు మాత్రం ఆ జాబితాలో చోటు లేదు. చేనేత గణనలో నేతగాళ్లను, నేత అనుబంధ పనివాళ్లను లెక్కిస్తారు, సూది ఒక్కటే ఉన్నవాళ్లు అందులోకి రారు. లెక్కలో లేనివాళ్లకు నేతగాళ్ల పథకాల కింద రుణం రాదు, శిక్షణ రాదు, పింఛనూ రాదు.

అరుగు మీద ఒక మూల చిన్న బొంతలు దొంతరగా ఉన్నాయి, మూరన్నర పొడవు. పుట్టిన బిడ్డలకు. రెడ్‌హిల్స్‌లో నిలోఫర్ ఆసుపత్రి ఇక్కడికి దగ్గరే. పురుడు పోసుకుంటూ తన పరిచారిక చనిపోతే తట్టుకోలేక యువరాణి నిలోఫర్ పట్టుబట్టి కట్టించిన ఆసుపత్రి అది, 1953లో తెరిచారు. ఊళ్ల నుంచి వచ్చిన అవ్వలు పొత్తిగుడ్డలు తెచ్చుకుంటారు గానీ బొంత మరిచిపోతారట. అప్పుడు వెతుక్కుంటూ ఈ సందులోకి వస్తారు. "పసిగుడ్డు కింద కొత్త బట్ట వెయ్యొద్దు, గీరుకుంటది. నలుగురు కట్టి ఇడిసిన మెత్తటి చీరనే మంచిది," అంటుంది పెద్దావిడ. ఆ చిన్న బొంతలకు ఆమె బేరం చేయదు. ఎంత ఇస్తే అంత తీసుకుంటుంది.

ఆ సందులోంచి నడిచి వెళ్లేంత దూరంలోనే నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానం. డిసెంబరులో రేకుల షెడ్లు లేస్తుంటాయి, జనవరి ఒకటికల్లా నుమాయిష్ ప్రదర్శన తయారవ్వాలి కదా. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో ఇది మొదలైంది నుమాయిష్ మస్నువాత్-ఎ-ముల్కీ అన్న పేరుతో, హైదరాబాద్ రాజ్యంలో తయారైన సరుకును జనానికి చూపించడానికి. ఉస్మానియా పట్టభద్రుల సంఘం పూనుకుంది, ఏడో నిజాం ప్రారంభించారు. అప్పుడు యాభై దాకా స్టాళ్లు. 1946లో ఈ మైదానానికి మారింది. ఇప్పుడు స్టాళ్లు రెండు వేల పైచిలుకు, ఆరు వారాలకు పైగా జాతర. వచ్చిన డబ్బుతో ఎగ్జిబిషన్ సొసైటీ కాలేజీలు నడుపుతోంది. అది చిన్న సేవ కాదు.

నుమాయిష్‌కు వెళ్లినప్పుడల్లా జైపూర్ రజాయిల ముందు గుంపు కనిపిస్తుంది. చిన్న సంచిలో పట్టేంతగా మడిచి, విప్పి చూపిస్తారు, చూసినవాళ్లు కొంటారు. కొనాలి కూడా, అది కూడా చేతిపనే, రాజస్థాన్ కుటుంబాలు దాని మీద బతుకుతున్నాయి. కాశ్మీరు శాలువలూ లక్నో చికన్ పనీ అంతే. కానీ ముల్కీ సరుకు కోసం పుట్టిన ప్రదర్శనలో, మైదానం పక్క సందులో తయారయ్యే బొంత తిరిగినంతమేరా కనపడలేదు. మీరెందుకు స్టాలు పెట్టరని పెద్దావిడను అడిగాను. అద్దె ఎంతో చెప్పి, సూది ఆపకుండా, "అంత పెట్టి నేనేం అమ్మాలె బిడ్డా, మీ చీరలనే మీకు అమ్మాల్నా?" అంది.

ఆ ప్రశ్నకు ఎగ్జిబిషన్ సొసైటీ దగ్గర జవాబు ఉండాలి. బొంతలు కుట్టేవాళ్లకు అద్దె లేకుండా ఒక్క వరస ఇవ్వవచ్చు. అమ్మడానికి సరుకు అక్కర్లేదు, ఒక చాప, ఒక నీడ చాలు. జనం చీరలు తెచ్చి ఇచ్చి వెళ్తారు, జాతర ముగిసేలోగా బొంత పట్టుకుపోతారు. కుట్టే చేతిని కళ్లారా చూసినవాళ్లు అంత తేలిగ్గా బేరం చేయలేరు. చేనేత, హస్తకళల శాఖలు ఈ పనివాళ్ల పేర్లు రాసుకోవడం దగ్గర మొదలుపెట్టాలి.

చదివేవాళ్లకు ఒక మాట. ఈ సంక్రాంతికి అమ్మ చీరతో బొంత కుట్టించి ఎవరికైనా ఇవ్వాలనుకుంటే ఇప్పుడే చీర పట్టుకెళ్లండి, చివరి వారంలో వెళ్తే చేతికి అందదు. నూలు చీరే ఇవ్వండి, ఉతికి ఇవ్వండి. 2025-26 లెక్కన నాలుగు రోజుల ఉపాధి కూలి 1,228 రూపాయలవుతుంది. ఒక బొంతకు అంతకు ఒక్క రూపాయి కూడా తగ్గించి అడగవద్దు.