ఒకే ఫోల్డర్‌లో రెండు బిల్డులు

మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌కు దగ్గర్లోనే ఉంది ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ. ఇంజనీర్లు రాసిన కోడ్‌ను కూర్చి, పరీక్షించి, విడుదలకు సిద్ధం చేసే పని అక్కడ జెంకిన్స్ చూసుకుంటుంది. సాయంత్రం ఇళ్ళకు బయల్దేరే ముందు అందరూ తమ మార్పులు పుష్ చేస్తారు. సరిగ్గా ఆ వేళకే బిల్డులు ఫెయిలవుతున్నాయి. అదే కోడ్‌ను పొద్దున నడిపితే ఏ తంటా ఉండదు. ఈ చిక్కు ఎలా విప్పుతారో చూద్దామని వెళ్ళాను.

బిల్డు బృందానికి పెద్ద ఒక మహిళా ఇంజనీరు. కుర్రాళ్ళందరికీ ఆవిడ అక్కే. తెర మీద లాగ్ తెరిచి ఉంది: ఇండెక్స్ డాట్ లాక్ అనే ఫైలు ముందే ఉందట, ఈ రిపోజిటరీలో మరో గిట్ నడుస్తున్నట్టుందట.

"డిలీట్ చేసేస్తే పోతుందక్కా, రోజూ స్క్రిప్ట్‌తో చేసేదేగా" అన్నాడు పక్క కుర్రాడు.

"ఆగు. అది ఎవరు పెట్టారో ముందు చూడు" అన్నారావిడ.

ఆ మాటలోనే ఉంది పనితనమంతా. కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్, తన ఇండెక్స్‌ను (తర్వాతి కమిట్‌లో చేరే ఫైళ్ళ జాబితాను) మార్చే ముందు ఆ పేరుతో ఒక ఫైలు సృష్టిస్తుంది. అప్పటికే ఉంటే పని ఆపేస్తుంది. లేకపోతే మార్పులు అందులో రాసి, చివర్న పేరు మార్చి అసలు ఇండెక్స్ స్థానంలో పెడుతుంది. మధ్యలో ప్రాసెస్ చచ్చిపోతే ఫైలు మిగిలిపోతుంది. దాన్ని తీసేస్తే నష్టం లేదు. ప్రాసెస్ బతికుండగా తీస్తే మాత్రం ఒక బిల్డు కంపైల్ చేస్తుండగానే దాని ఫైళ్ళను రెండో బిల్డు మార్చేస్తుంది. ఫెయిలైతే మనకు తెలుస్తుంది. రెండు కమిట్ల కోడ్ కలిసిపోయి కూడా పాసైన బిల్డే నన్ను భయపెట్టింది.

ప్రాసెస్‌ల జాబితా తీస్తే రెండు గిట్‌లు బతికే ఉన్నాయి, రెండూ ఒకే ఫోల్డర్‌లో. ఇదెలా సాధ్యం? ఒకే జాబ్ ఒకే మెషీన్ మీద రెండుసార్లు నడిస్తే జెంకిన్స్ రెండోదానికి పేరు చివర @2 తగిలించి వేరే వర్క్‌స్పేస్ ఇస్తుంది. కానీ ఈ జాబ్‌కు డిస్క్ ఆదా చేద్దామని ఎవరో సొంత ఫోల్డర్ పేరు రాసిపెట్టారు. అలా రాస్తే ఆ రక్షణ పోతుంది, సాయంత్రం పుష్‌లన్నీ ఒక్కసారే రాగానే బిల్డులన్నీ అక్కడే పడతాయి. లినస్ టోర్వాల్డ్స్ 2005లో గిట్‌ను మొదలుపెట్టింది లినక్స్ కెర్నెల్ కోసం. అందులో ఎవరి కాపీ వారిదే. ఒకే కాపీలో ఇద్దరు చేతులు పెట్టడం దాని స్వభావానికే విరుద్ధం.

జాబ్‌లో రాసిన ఆ ఫోల్డర్ పేరు తీసేశారు. డిస్క్ ఆదాకు మెషీన్ మీద రిపోజిటరీ మిర్రర్ ఒకటి ఉంచి, ప్రతి క్లోన్ పాత చరిత్రను దాన్నుంచే చూసుకునేలా చేశారు.

చిక్కు సగమే తీరింది. ప్రతి బిల్డూ వెర్షన్ ఫైల్లో అంకె పెంచి, కమిట్ చేసి, మెయిన్ బ్రాంచ్‌కు పుష్ చేస్తోంది. ఒకేసారి నడిచే రెండు బిల్డులూ 41 చదివి 42 రాస్తాయి. ముందు వెళ్ళినదాని పుష్ చెల్లుతుంది, రెండోది రిజెక్ట్ అవుతుంది. రీబేస్ చేస్తే, రెండు మార్పులూ ఒకటే కాబట్టి, రెండో కమిట్ ఖాళీ అయి రాలిపోతుంది; రెండు బిల్డులకూ ఒకే 42 మిగులుతుంది. ఆ రిజెక్షన్‌ను దాటడానికి గతంలో ఎవరో స్క్రిప్ట్‌లో ఫోర్స్ పుష్ పెట్టారు. దాంతో ఒక ఇంజనీరు కమిట్ బ్రాంచ్ నుంచి మాయమైంది. ఆ మనిషి మళ్ళీ పుష్ చేసేదాకా ఎవరికీ తెలియలేదు. ఇది వింటుంటే కోపం వచ్చింది నాకు. మనిషి పనిని యంత్రం అలా తుడిచేయకూడదు.

"బిల్డు కోడ్‌ను చదవాలి. అందులో రాసే పని దానికెందుకు?" అన్నారావిడ. ఇకపై వెర్షన్ అంకె జెంకిన్స్ ఇచ్చే బిల్డు నంబరు నుంచే వస్తుంది. ఒక జాబ్‌లో అది మళ్ళీ రాదు. విడుదలైన కమిట్‌కు ఆ నంబరుతో ట్యాగ్ పడుతుంది. బ్రాంచ్ జోలికి ఏ బిల్డూ పోదు. విడుదల జాబ్‌కు మాత్రం ఏకకాలపు బిల్డులు వద్దని టిక్ పెట్టారు. అక్కడ తొందర కంటే వరుస ముఖ్యమని ఆవిడ అభిప్రాయం, నాదీ అదే.

కావాలనే రెండు బిల్డులు ఒకేసారి వదిలి చూశారు. లాగ్‌లో రెండు వేర్వేరు ఫోల్డర్లు కనిపించాయి, రెండూ పాసయ్యాయి. లాక్ ఫైళ్ళను తుడిచే వరుసను స్క్రిప్ట్‌లోంచి ఆ కుర్రాడే తీసేసి, మార్పును రివ్యూకు పంపాడు.