డిక్కీకి ఆనించిన కట్టె

అమ్మ చేతి గాజులు ‘పగిలాయి’ అనకూడదంట, ‘పెరిగాయి’ అనాలంట. ఆ సంగతి నాకు మైదుకూరులో ఒక చిన్న క్లినిక్‌లో తెలిసింది. అప్పుడు అమ్మ ఎడమ మణికట్టుకు కుట్లు వేస్తున్నారు. నేను డాక్టరుతో, “గాజులు పగిలి గుచ్చుకున్నాయి సార్” అన్నాను. అంత నొప్పిలోనూ అమ్మ నా వైపు తిరిగి, “పెరిగినాయి అనురా” అంది.

అవి పెరగడానికి కారణం నా కారు. ఇంకా సూటిగా చెప్పాలంటే, నేను.

డిసెంబరు మొదటి వారం. పొద్దున ఐదున్నర. మైదుకూరులో పిన్నమ్మ వాళ్లింట్లో పెళ్లి. అమ్మ డిక్కీ డోరు ఎత్తి, స్టీలు బేసిన్ లోపల పెట్టడానికి వంగింది. డోరు దానంతట అదే దిగింది. తల మీద పడకుండా అమ్మ చేయి అడ్డం పెట్టింది. తలకు తగలాల్సింది చేతికి తగిలింది. మూడు కుట్లు. ఎముకకు ఏమీ కాలేదు. కట్టు కట్టిన చేత్తోనే అమ్మ పెళ్లికి వచ్చింది, అక్షింతలు కూడా వేసింది. నేను మాత్రం మండపం బయట కారు పక్కనే నిలబడి, ఆ డోరును ఎత్తుతూ దించుతూ ఉండిపోయాను.

కారు గురించి కొంచెం చెప్పాలి. స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్, 2005 మోడలు. ఆక్టేవియా మన దేశానికి 2001లో వచ్చింది, ఔరంగాబాద్ ప్లాంటులో బిగించేవాళ్లు. అందులో ఆర్ఎస్ అంటే స్పోర్ట్స్ రకం. 1.8 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజను, 150 హార్స్‌పవర్. నేను నాలుగో తరగతిలో ఉండగా ప్రొద్దుటూరు దసరా చూడ్డానికి పోయినప్పుడు రోడ్డు పక్కన ఎర్రది ఒకటి చూశాను. అమ్మవారి ఊరేగింపు కంటే అదే ఎక్కువ గుర్తుండిపోయింది. ఉద్యోగం వచ్చి నాలుగు రూపాయలు వెనకేశాక, కర్నూలులో ఒకాయన దగ్గర పాతది దొరికితే కొనేశాను.

దువ్వూరుకు తీసుకొచ్చిన రోజు నాయన దాని చుట్టూ ఒకసారి తిరిగి, “ఇంత డబ్బు పెట్టి పాత ఇనుము తెచ్చినావు” అన్నాడు. ఆ తర్వాత రెండేళ్లలో ఆ పాత ఇనుమును నాకంటే ఎక్కువ వాడింది ఆయనే. చూస్తే ముందు వైపు సెడాన్‌లా ఉంటుంది గానీ, వెనక అద్దంతో సహా డోరు మొత్తం పైకి లేస్తుంది. డిక్కీ 528 లీటర్లు. యూరియా బస్తాలు, పసుపు విత్తనం, ప్రొద్దుటూరు నుంచి సరుకులు, ఏవైనా పడతాయి. గంటకు రెండొందల కిలోమీటర్లు పోవడానికి తయారైన కారు మా ఊళ్లో కేసీ కెనాల్ గట్టు మీద రెండో గేరులో బస్తాలు మోసేది.

పెళ్లి నుంచి ఇంటికొచ్చాక డిక్కీలో మ్యాటు ఎత్తితే అడుగున ఒక కట్టె దొరికింది. విరిగిన పార కట్టె. ఒక చివర పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, జారకుండా దారంతో కట్టి ఉంది. ఎంత పొడవు కావాలో కొలిచి కోసినట్టు, డోరు కింద సరిగ్గా సరిపోయింది.

“ఇది ఎప్పటి నుంచి?” అని అడిగాను.

“పోయిన చలికాలం నుంచి,” అన్నాడు నాయన. “పొద్దన్నే తీస్తే పడిపోతాంది. మధ్యాన్నం తీస్తే నిలబడతాంది. ఎండకు దానికీ బలమొచ్చాదేమో అనుకున్యా.”

“మరి నాకెందుకు చెప్పలేదు?”

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “నువ్వు తెచ్చిన రోజు పాత ఇనుము అన్న్యా గదా. మళ్లా ఇది చెప్తే, ముందే చెప్పినా గదా అన్నట్టు ఉంటాదని ఊరకున్యా” అన్నాడు.

ఆ కట్టె సంగతి నాయనకు తెలుసు. అమ్మకు తెలీదు. ఆమె ఒక్కతే డిక్కీ తెరిచింది ఆ రోజే మొదటిసారి.

నాకెందుకు తెలీలేదు? నాది అమెరికా టైము ఉద్యోగం. రాత్రి రెండింటి దాకా కాల్స్, పొద్దున లేచేసరికి పది దాటుతుంది. కారు డిక్కీ నేను తెరిచేది ఎప్పుడూ మిట్టమధ్యాహ్నమే. కడప జిల్లా ఎండలో నిలబెట్టిన కారు. నేను తెరిచిన ప్రతిసారీ డోరు బుద్ధిగా నిలబడింది. మా ఆఫీసులో ఒక మాట ఉంది, మీలో చాలామంది అనే ఉంటారు: “నా లాప్‌టాప్‌లో బాగానే పనిచేస్తోంది కదా.” రెండేళ్లుగా నేను మా నాయనకు నోటితో చెప్పకుండా చెప్తున్నది అదే.

నేను చదివింది పులివెందుల జేఎన్‌టీయూ కాలేజీలో మెకానికల్. నాలుగేళ్ల చదువులో స్పానరు పట్టింది ల్యాబ్ పరీక్షకే. అయినా ఆ రాత్రి కాల్స్ అయ్యాక కూర్చుని చూస్తే, నాయన మాటలో మొత్తం ఫస్టియర్ ఫిజిక్స్ ఉంది.

డిక్కీ డోరును పైకి పట్టి ఉంచే ఆ రెండు నల్ల గొట్టాలను గ్యాస్ స్ట్రట్లు అంటారు. మన మెకానిక్కులు డిక్కీ షాకులు అంటారు. జర్మనీలో కోబ్లెంజ్‌కు చెందిన స్టాబిలస్ కంపెనీ 1962 నుంచి వీటిని పెద్ద ఎత్తున తయారు చేయడం మొదలుపెట్టింది. ఇప్పుడు కారు డిక్కీల దగ్గర్నుంచి మనం కూర్చునే ఆఫీసు కుర్చీల దాకా ఈ రకం గొట్టాలే. లోపల స్ప్రింగు ఉండదు. బిగించి నింపిన నైట్రోజన్ గ్యాసు, కొంచెం నూనె ఉంటాయి. పిస్టనుకు రెండు పక్కలా ఒకే పీడనం. కానీ కడ్డీ ఉన్న పక్కన, ఆ కడ్డీ మందం మేరకు గ్యాసు తోయడానికి చోటు తక్కువ. ఆ తేడాయే కడ్డీని బయటికి తోస్తుంది. కడ్డీ 8 మిల్లీమీటర్ల లావు ఉండి 400 న్యూటన్ల బలంతో తోస్తోందంటే, లోపల పీడనం దాదాపు 80 బార్ అన్నమాట. కారు టైరులో మనం కొట్టించే గాలి 2 బార్ పైచిలుకు.

గ్యాసు వేడెక్కితే పీడనం పెరుగుతుంది. 20 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు పోతే దాదాపు 7 శాతం బలం పెరుగుతుంది. కొత్త షాకులకు ఆ 7 శాతంతో పనిలేదు. కానీ ఏళ్ల తరబడి సీలు పక్కనుంచి కొంచెం కొంచెంగా గ్యాసు పోయి, డోరు బరువుకు సరిగ్గా అంచున ఆగిన పాత షాకులకు అదే తేడా. మధ్యాహ్నం పాస్, తెల్లవారుజామున ఫెయిల్. ఇందులో కారు తప్పేమీ లేదు. ఇరవై ఏళ్లు మోసిన వస్తువు అలిసిపోయింది, అంతే. అలిసిపోయిందని చూడాల్సినవాళ్లం చూడలేదు.

మరుసటి రోజు చేసిన పని ఇంకో తప్పు. ఆన్‌లైన్‌లో వెతికి, కొలత సరిపోయినవాటిలో అన్నిటికంటే ఎక్కువ బలం ఉన్న జత ఆర్డరు పెట్టాను. ఇంకెప్పుడూ పడకూడదని కసి. వచ్చాక బిగిస్తే డోరు తుపాకీ గుండులా పైకి లేచింది. దించాలంటే నేనే వేలాడాల్సి వచ్చింది. అమ్మ మంచి చేత్తో ప్రయత్నించి, “ఇది ముయ్యాలంటే మనిషిని పెట్టుకోవాల్సిందే” అంది. ఒక కట్టె తీసేసి ఇంకో కష్టం పెట్టాను. పైగా అంత బలం రోజూ తోస్తుంటే కొన్నాళ్లకు డోరు రేకు, హింజులు దెబ్బతింటాయి.

వాటిని వాపసు పంపి, పాత షాకును కిరసనాయిలు గుడ్డతో తుడిచాను. మురికి కింద సన్నటి అంకెలు బయటపడ్డాయి. పార్టు నంబరు, చివర్న న్యూటన్ల లెక్క. రెండేళ్లుగా అక్కడే రాసి ఉంది, చదివినవాళ్లే లేరు. ఆ అంకె ఫోటో తీసుకుని ప్రొద్దుటూరు పోయాను. పార్టుల షాపులో “గ్యాస్ స్ట్రట్” అంటే కుర్రాడు అయోమయంగా చూశాడు. పక్కన టీ తాగుతున్న మెకానిక్, “డిక్కీ షాకులు గదన్నా” అని అందుకున్నాడు. “రెండూ ఒకేసారి మార్చు. ఒకటి కొత్తది ఒకటి పాతది ఏస్తే డోరు మెలి తిరుగుతాది” అని కూడా చెప్పాడు. వెళ్లబోతుంటే, “బానెట్టుది ఎట్లుండాది?” అని అడిగాడు. నేను చూసుకోనేలేదు. అక్కడే ఎత్తి చూస్తే అదీ మెల్లగా దిగుతోంది. నేను ఇంజను ఆయిలు చూసేటప్పుడు తల పెట్టేది సరిగ్గా దాని కిందే. మూడూ ఆర్డరు పెట్టించాను. వారం పట్టింది. మొత్తం ఖర్చు నేను ఆ నెల బయట తిన్న బిర్యానీల కంటే తక్కువ.

బిగించింది ఇంట్లోనే. చిన్న స్క్రూడ్రైవరు ఒకటి చాలు. కానీ రెండో మనిషి తప్పనిసరి. షాకు తీసిన క్షణం నుంచి డోరు బరువంతా మనుషులదే. నాయన డోరు కింద భుజం పెట్టాడు, తోడుగా ఆ పార కట్టె కూడా ఆనించాం. షాకు రెండు చివర్లా గుండ్రటి బోల్టు తలను పట్టుకున్న సాకెట్ ఉంటుంది, దాని వెనక సన్నటి స్ప్రింగు క్లిప్. స్క్రూడ్రైవరు మొనతో క్లిప్పును కొంచెం ఎత్తితే సాకెట్ ఊడొస్తుంది. క్లిప్పును పూర్తిగా పీకకూడదు, ఎగిరి ఎక్కడో పడుతుంది (ఒకటి పడింది, అరగంట వెతికాం). కొత్తదాన్ని, పాతది ఎటు తిరిగి ఉందో అటే పెట్టి, అరచేత్తో నొక్కితే ‘టక్’ మంటుంది. ఒక పక్క పూర్తిగా అయ్యాకే రెండో పక్క ముట్టుకోవాలి.

రెండో షాకు బిగించేటప్పుడు నాయన చొక్కా కాలరు పక్కకు జరిగింది. కుడి భుజం మీద ఎప్పటిదో కమిలిన మచ్చ, అంచు గీసుకున్న గీత. కట్టె అందుబాటులో లేని రోజుల్లో ఆయన డోరును భుజంతో మోస్తూ బస్తాలు దించేవాడంట. నేనేమీ అనలేదు. ఆయన కూడా ఏమీ అనలేదు. “అయిందా?” అని మాత్రం అడిగాడు. అయింది. ఆయన భుజం తీశాడు. డోరు కదల్లేదు.

పాత షాకులను పాత ఇనుము అబ్బాయికి వేద్దామన్నాడు నాయన. నేను ఇవ్వలేదు. బలం తగ్గినంత మాత్రాన గ్యాసు పోయినట్టు కాదు. ఎవరైనా సుత్తితో కొట్టినా, కోసినా, మంటలో వేసినా ఆ పీడనం ఒక్కసారిగా బయటికొస్తుంది. ఆ అబ్బాయి మొహం దానికి అడుగు దూరంలో ఉంటుంది. తెలిసిన గ్యారేజీవాళ్లకు విషయం చెప్పి ఇచ్చేదాకా అవి అటక మీదే ఉన్నాయి.

ఇదంతా చదివి మీరు చేయాల్సింది ఒక్కటే. రేపు మధ్యాహ్నం కాదు, పొద్దున్నే, చల్లగా ఉన్నప్పుడు మీ కారు డిక్కీ పూర్తిగా ఎత్తి, తల పెట్టకుండా పక్కన నిలబడి ఒక నిమిషం చూడండి. కొంచెం దిగినా మార్చే టైము వచ్చినట్టే. అట్లనే ఇంట్లో ఎవరైనా దేనికైనా కట్టె ఆనించి ఉన్నారేమో కూడా చూడండి. వాళ్లంతట వాళ్లు చెప్పరు.

అమ్మ కుట్లు మానిపోయాయి. కొత్త గాజులు ప్రొద్దుటూరులోనే తీసుకుంది. సంక్రాంతికి ముందు ఒకరోజు నేను తెల్లవారే లేచి, ఆమె డిక్కీ తెరవడం వరండాలోంచి చూశాను. డోరు సగం దాకా ఎత్తితే మిగతా సగం అదే పోయి నిలబడింది. అమ్మ కుడి చేత్తో సంచి లోపల పెట్టింది. ఎడమ చేయి మాత్రం డోరు అంచును పట్టుకునే ఉంది.

“అది పడదులేమ్మా,” అన్నాను.

“తెలుసు,” అంది. చేయి మాత్రం తీయలేదు.