పేర్లకు తోకలు

బాన్సువాడలో పొద్దున్నే పసుపు బస్సులు బీర్కూర్, నస్రుల్లాబాద్ దారుల నుంచి పిల్లల్ని తెచ్చి ప్రైవేటు బళ్ల ముందు దింపుతాయి. తండా పిల్ల ఎక్కడ కూర్చోవాలో డ్రైవర్ చెప్పడు, తోటి పిల్లలే తేలుస్తారు. ఫీజు బాకీ ఉన్నవాళ్లను క్లాసులో నిలబెట్టి పేర్లు చదివితే, సాయంత్రానికల్లా ఆ పేర్లకు తోకలు తగులుతాయి. ఏడిపించడం పిల్లలకు పెద్దలే నేర్పుతున్నారని నా అనుమానం. అనుమానం కూడా కాదులెండి.

ర్యాగింగ్‌పై ఉమ్మడి రాష్ట్రం 1997లోనే చట్టం తెచ్చింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దెబ్బలతో పాటు మానసిక వేధింపునూ నిషేధించింది. తెలుగు మాట జారితే ఫైన్ వేసే చోట ఆ సెక్షన్ చదివేదెవరు?

పేరెంట్స్ మీటింగులో అందరం ర్యాంకే అడుగుతాం. మావాడు ఎవరినైనా ఏడిపిస్తున్నాడా అని అడిగిన తండ్రిని నేనింకా చూడలేదు.