కాలు చూపించు నాన్నా!

ఆఫీసులో సర్వర్ ఆగితే అర్ధరాత్రయినా లేచి కూర్చునే నాకు, ఊళ్లో నాన్న అరికాలి పుండు సంగతి 3 నెలలకు గానీ తెలియలేదు. షుగరుతో స్పర్శ పోయి, ఆయనకీ నొప్పి తెలియలేదట. వేలు తీసేస్తారేమోనని అమ్మ ఒకటే ఏడుపు.

డాక్టరుగారు ముందు కుళ్లిన కండ తీసేశారు. తర్వాత పీఆర్పీ. నాన్న రక్తమే కొంచెం తీసి మిషన్లో గిర్రున తిప్పితే ఎర్రకణాలు అడుక్కి దిగాయి. ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న పసుప్పచ్చటి ప్లాస్మాను పుండుకి పట్టించారు. గాయం మానడానికి కావలసిన గ్రోత్ ఫ్యాక్టర్లు ఆ ప్లేట్‌లెట్లలోనే ఉంటాయట. "ఇదొక్కటే చాలదు. షుగరు అదుపులో ఉండాలి, ఆ పాదం మీద బరువు పడకూడదు" అన్నారు.

వారానికోసారి అలా చేయగా, 10 వారాలకి పుండు పూడింది. వేలు దక్కింది. ఇప్పుడు వీడియో కాల్ చేస్తే నా మొదటి మాట "తిన్నావా" కాదు, "కాలు చూపించు నాన్నా!"