కొండ మీద పిక్నిక్

బైబిల్లో నవ్వు లేదనేవాళ్లు న్యాయాధిపతుల గ్రంథం మూడో అధ్యాయం చదవలేదన్నమాట. ఎడమచేతివాటం ఏహూదు కప్పం తెచ్చే నెపంతో వెళ్లి, మూరెడు కత్తితో మోయాబు రాజు ఎగ్లోనును పొడుస్తాడు. రాజు ఎంత లావంటే, పిడితో సహా కత్తి కొవ్వులో మునిగిపోతుంది. గడియపడ్డ తలుపు బయట సేవకులేమో దొరవారు దొడ్డికి కూర్చున్నారనుకుని మొహమాటపడుతూ నిలబడి ఉంటారు.

ఒకప్పుడు నాకు రెండు పుస్తకాలు దొరికాయి. 1987లో లండన్‌లో నాకబౌట్ వాళ్లు వేసిన ‘ఔట్రేజియస్ టేల్స్ ఫ్రమ్ ది ఓల్డ్ టెస్టమెంట్’ ఒకటి. నీల్ గైమన్, అలన్ మూర్ లాంటివాళ్లు రాసిన వెటకారపు బొమ్మల కథలు. దాన్ని నెత్తిన పెట్టుకున్నాను. రెండోది 2009లో వచ్చిన రాబర్ట్ క్రంబ్ ఆదికాండం, 50 అధ్యాయాలూ. బూతు కామిక్స్‌కి పేరుమోసిన మనిషి ఇంత బుద్ధిగా, ఒక్క వేళాకోళం లేకుండా గీయడమేమిటని విసుక్కుని పక్కన పడేశాను.

నేనూ గీశాను. ఏహూదు ఆరు పేజీలు. యాయేలు నాలుగు: నీళ్లడిగిన శత్రు సేనాపతి సీసెరాకు పాలు తాగించి, దుప్పటి కప్పి, కణతల్లో గుడారపు మేకు. తర్వాత యెఫ్తా. యుద్ధంలో గెలిస్తే ఇంటి గుమ్మంలోంచి తనకు ఎదురొచ్చినదాన్ని దహనబలి ఇస్తానని మొక్కుకున్నాడు. తంబురలతో ఎదురొచ్చింది ఒక్కగానొక్క కూతురు. పెళ్లి చూడకుండానే పోతున్నందుకు ఏడవడానికి రెండు నెలల గడువడిగి, ఆ పిల్ల చెలికత్తెలతో కొండలకు వెళ్తుంది. ఆ రెండు నెలల్నీ నేను పిక్నిక్ చేశాను. పులిహోర పొట్లాలు, అంత్యాక్షరి. చివరి బొమ్మలో పొగ, పక్కన తండ్రి: “మేకపోతు ముందొచ్చి ఉంటే బావుండు.”

నానమ్మకు చూపించాను. చర్చిలో ఆడవాళ్ల కూడికలు నడిపిన మనిషి. ఆవిడ నొచ్చుకుంటే నా పని పండినట్టేనని లోపల కొంచెం సంబరం కూడా. ఏహూదు దగ్గర కళ్లజోడు తీసి తుడుచుకుని మరీ నవ్వింది. యాయేలు చేతిలో మేకు మరీ చిన్నదైందంది. యెఫ్తా దగ్గర ఆగిపోయింది.

“ఈ పిల్ల పేరేంట్రా?”

“బైబిల్లో లేదు నానమ్మా.”

“పేరెలాగూ లేదు. మొహమైనా గీయలేదేం?”

చూసుకున్నాను. పద్నాలుగు బొమ్మల్లో జడ ఉంది, వీపుంది, తంబుర ఉంది. మొహం ఒక్కదాంట్లోనూ లేదు. అది గీస్తే జోకు పేలదని నాకంటే ముందు నా చేతికే తెలిసినట్టుంది.

ఎగ్లోను మీద నవ్వు ఆ కథలోనే ఉంది. పద్దెనిమిదేళ్లు వాడి కింద నలిగినవాళ్ల నవ్వు అది. యెఫ్తా కథలోకి నవ్వును నేను సంచీలో పెట్టి మోసుకెళ్లాను. తండ్రి మూర్ఖపు మొక్కును ఎండగడదామని బయల్దేరినవాణ్ని, ఆయన పక్కనే నిలబడి కట్టెలు ఎగదోశాను.

క్రంబ్ పుస్తకం మళ్లీ తీశాను. వంశావళుల్లో పేరు తప్ప కథలేని మనుషులకు కూడా ఎవరి మొహం వాళ్లకు గీసి ఉంది.

యెఫ్తా పేజీలు చింపేశాను. ఏహూదు పేజీలు మాత్రం నానమ్మ తిరిగివ్వలేదు. కూడికలో అందరికీ చూపించిందని తర్వాత తెలిసింది.