కూలి నోటు

మా ఇంట్లో గుంతమగ్గం పక్క గోడకు ఒక మేకు ఉండేది. దానికి నూలుతాడుతో చిన్న నోటుపుస్తకం వేలాడుతుండేది. ఎడమ పేజీలో మొదలాళి, అంటే మాకు పనిచ్చే షావుకారు, ఇచ్చిన పడుగూ నూలూ, కుడి పేజీలో మేం నేసిచ్చిన చీరలూ, అడుగున బాకీ. ఇంట్లో మాట తెలుగు, నోటులో రాత అరవం. నాయనకు రెండు రాతలూ రావు. నేను తెలుగక్షరం నేర్చుకున్నది ముప్పై దాటాక. అప్పటికి నోటూ లేదు, మేకూ లేదు.

తమిళనాడులో ఆండిపట్టి చుట్టుపక్కల సక్కంపట్టి, టి. సుబ్బులాపురం నేత ఊళ్లు. సందులో నడుస్తుంటే ఏ ఇంట్లో మగ్గం ఆగిందో చెవికే తెలిసిపోయేది. శనివారం నాయన చీరలు చంకన పెట్టుకుని లెక్కకు పోయేవాడు, వెనకాల నేను. మొదలాళి చీరను వెలుతురుకు పట్టి, వేలితో అంచు వెంబడి మెల్లగా తడుముతూ పోయేవాడు. వేలు ఆగిందంటే నాయన ఊపిరి ఆగేది. "ఇక్కడ పోగు తప్పింది మామా" అనేవాడాయన. మామా అని పిలుస్తూనే కూలి కోసేవాడు. అంత మర్యాదగా అడిగినవాడితో తగాదా ఎట్లా పడతావు? పండక్కి అడగకుండానే చేబదులు ఇచ్చిందీ ఆయనే. ఆ చేబదులు తీరేదాకా ఇంకో మొదలాళి గడప తొక్కకూడదు. ఆ మాట నోటులో రాసి ఉండదు, ఊరందరికీ తెలుసు.

అమ్మ తెల్లవారకముందే కండెలు చుట్టేది. ఆమె పనికి నోటులో గడి లేదు.

చిన్నాయన మాత్రం మదురైలో మిల్లుకు పోయాడు, 1892లో హార్వీ దొరలు మొదలుపెట్టిన నూలు మిల్లుకు. నెలకోసారి బోడి పోయే రైల్లో వచ్చేవాడు. ఆ చిన్న పట్టాల రైలు 2010 చివర్లో ఆగిపోయింది. 2022లో మా వైపు పెద్ద రైలై తిరిగొచ్చింది గానీ అది వేరే రైలు. చిన్నాయన చొక్కా జేబులో ఈఎస్ఐ కార్డు ఉండేది. మిల్లు సంగు కూస్తే పనెక్కడం, సంగు కూస్తే దిగడం, వారానికి 48 గంటలు, దీపావళికి బోనసు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం పేరు నేను మొదట విన్నది ఆయన నోటనే. "మీ నాయన ఎప్పుడు పని దిగుతాడురా?" అని నవ్వేవాడు. దీపం ఆర్పినప్పుడు, అన్నాను.

మగ్గం మాది, ఇల్లు మాది, నూలు వేరేవాళ్లది. నాయన పనివాడా, చిన్న యజమానా? చట్టంలో ఎక్కడైనా ఆయనకు చోటు ఉండే ఉంటుంది. మా గుమ్మంలోకి మాత్రం ఎవరూ దాన్ని తేలేదు.

తర్వాత పవర్‌లూమ్‌లు వచ్చాయి. నాయన గుంతను మట్టితో పూడ్చి, ఆ వారమే షెడ్డులో పనికి చేరాడు. ఇప్పుడైనా పనివాడయ్యాడు కదా అనుకున్నాం. కరెంటుతో నడిచేచోట ఫ్యాక్టరీ చట్టం రావాలంటే అప్పట్లో పదిమంది ఉండాల్సి వచ్చేది. ఒక్క మనిషి రెండు మూడు మగ్గాలు చూసుకుంటాడు, ఆ చిన్న షెడ్డులో పదిమంది ఎక్కడ? చట్టం గుమ్మం దాకా వచ్చి, తలలు లెక్కపెట్టి, వెనక్కి పోయింది.

షెడ్డులతో ఒక్క మేలు జరిగింది: నలుగురూ ఒకచోట చేరారు. కూలి ఒప్పందం గడువు తీరితే మగ్గాలు ఆపేసేవాళ్లు. మొదలాళులూ సంఘంవాళ్లూ ఎదురెదురుగా కూర్చుని బేరమాడి సంతకాలు పెట్టేవాళ్లు. కార్మిక తగాదాలు కోర్టుల్లో కంటే ఇరుపక్షాలూ కూర్చుని మాట్లాడుకుంటేనే తెగుతాయని నమ్మినవాడు మన వి.వి. గిరి. 1937లో మద్రాసు ప్రభుత్వంలో కార్మిక మంత్రి. 1954లో బ్యాంకు ఉద్యోగుల తీర్పును కేంద్రం మార్చిందని అక్కడి మంత్రి పదవే వదిలేశాడు. మా ఊళ్లో ఆయన పేరు విన్నవాళ్లు తక్కువే, దారి మాత్రం ఆయనదే. శనివారం వెలుతుర్లో చీర పట్టుకున్న ఆ వేలితో మాత్రం ఎవరు బేరమాడగలిగారు?

సమ్మె రోజుల్లో ఊరు మూగబోయేది. నాయనకు పొద్దు పోయేది కాదు. పాత మగ్గం ఉన్నచోట గోడకానుకుని, గుంతలోకి దించినట్టే కాళ్లు చాపుకుని కూర్చునేవాడు. వాన పడ్డప్పుడల్లా ఆ చోట నేల జానెడు కుంగేది. అమ్మ తట్టెడు మట్టి తెచ్చి పోసి, తొక్కి, మళ్లీ అలికేది.